సభలో మాట



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము సభలో మాటలాడుట. “ఇది నేర్వవలసిన విద్యయా? నోరున్నవాడెల్ల మాటలాడుచునే యున్నాడు గదా!” అని మీలో కొందఱకు తోచవచ్చును. రచ్చబండమీద నలుగురితో ముచ్చటించుట వేఱు. నాలుగువందల మంది కూర్చుండియుండగా లేచి నిలిచి, ఒక పనిని సాధించుటకై మాటలాడుట వేఱు. మొదటిదానిలో మాట తప్పినను దిద్దుకొనుటకు వీలుండును. రెండవదానిలో మాట తప్పినచో పనియే తప్పును. గ్రామసభలో మంచినీటి సంగతి చెప్పవలసినవాడు తడబడి కూర్చుండెనా, ఆ యేడును ఊరివారు బిందెలతో పరుగిడవలసినదే. కాలువనీటి సంగతి అధికారి యెదుట విన్నవింపవలసినవాడు కోపించి లేచిపోయెనా, ఆ తడి దప్పినట్లే. కావున ఈ విద్య ఊరిమేలు కోరు ప్రతి పెద్దకును కావలసినది.

మన ప్రాంతమున సభలో నిలిచి తెలుగున మాటలాడుట ఒకనాడు సులభముగా లేదు. 1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదు నగరమందలి వివేకవర్ధినీ మందిరములో నిజాం రాష్ట్ర సంఘసంస్కరణ సభ జరిగెను. స్త్రీవిద్యకై జీవితమును ధారవోసిన ధోండో కేశవ కర్వేగారు ఆ సభకు అధ్యక్షులు. ఇతర భాషలలో ఉపన్యాసములు నిరాటంకముగా సాగినవి. పిమ్మట ఆలంపల్లి వేంకటరామారావుగారను న్యాయవాది లేచి తెలుగున ప్రసంగింపబూనగనే సభలో కొందఱు అల్లరిచేసి, పరిహసించి, ఆయనను ముందునకు సాగనీయరైరి. ఆ యవమానమును సహింపజాలని తెలుగువారు కొందఱు టేకుమాల రంగారావుగారి యింట సమావేశమై ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణము పోసినవారు.

ఆ దినములలో సభ జరుపుట యన్నను కష్టమే. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ననుసరించి ముందుగా సర్కారు అనుమతి పొందనిదే సభ కూడరాదు. 1928లో ఆంధ్ర జనకేంద్ర సంఘ సమావేశము మన సూర్యాపేటలో జరిగెను. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. దానితోడనే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగెను. 1941లో కోదాడకు చేరువనున్న చిలుకూరున రావి నారాయణరెడ్డిగారు అష్టమాంధ్ర మహాసభ కధ్యక్షత వహించిరి. పట్టణమందలి మందిరములో ఆగిపోయిన తెలుగుమాట ఇరువదియేండ్లకు పల్లెటూరి పందిరి క్రింద వేలమంది నడుమ నిలిచినది. ఇంత ప్రయాసతో లభించిన మాటను మనము వృథాపుచ్చవచ్చునా?

వృథాపుచ్చినవారిలో నేనును ఒకడను. కొన్ని సంవత్సరముల క్రిందట మిర్యాలగూడ దాటిన పిమ్మట సాగరు ఎడమకాలువ చివరిభూములున్న యొక గ్రామమున రైతుల సభకు నన్ను పిలిచిరి. వారబంది పద్ధతిని గూర్చి, అనగా వంతులవారీగా కాలువకు నీరు విడిచి కట్టివేయు పద్ధతిని గూర్చి చెప్పవలెనని కోరిరి. నేను పుస్తకములు తిరుగవేసి పదునెనిమిది పుటలు వ్రాసికొంటిని. 1967లో సాగరు నీరు కాలువలకు విడిచిననాటినుండి మొదలిడి, దేశదేశముల నీటిపద్ధతులను వర్ణించి, గంటసేపు చదివితిని. నా మాటలకు నేనే మురిసితిని. తల యెత్తి చూచునప్పటికి ముందువరుసలోని ఇద్దఱు కునుకుచుండిరి. వెనుకవరుస ఖాళీ. చివరకు ఒక వృద్ధురాలు లేచి, “అయ్యా, మీరు మంచిగనే చెప్పిండ్రు. మరి మా తూముకు నీళ్లు ఎన్నడొస్తయి?” అని యడిగెను. నాయొద్ద ప్రత్యుత్తరము లేదు. పదునెనిమిది పుటలలో ఆ తూము పేరే లేదు.

ఆ రాత్రి బస్సులో తిరిగివచ్చుచు నేను నేర్చుకొన్న పాఠమునే నేడు మీకు విన్నవించుచున్నాను. ప్రసంగము వక్తది గాదు, వినువారిది. వారు ఏమి తెలిసికొనవలెనో, ఏమి చేయవలెనో దానికొఱకే అది పుట్టినది.

కావున సిద్ధపడుటయందు మొదటి పని, ఎదుట కూర్చుండువారెవరో కనుగొనుట. ఎందఱు వత్తురు? కాలువ మొదటివారా, చివరివారా? సొంత భూమిగలవారా, కౌలుదారులా? స్త్రీలు వత్తురా? వారికి ముందే తెలిసిన దెంత? వారి మనస్సులోని ప్రశ్న యేది? సభకు ఒకగంట ముందు ఊరికి పోయి టీ కొట్టుకడ నలుగురితో మాటలాడినచో ఇవియెల్ల తెలియును. నేను ముందే పోయియున్నచో ఆ వృద్ధురాలి ప్రశ్న నాకు సభకు పూర్వమే వినబడియుండెడిది.

రెండవది, చెప్పదలచినదానిని ఒక్క వాక్యమున కుదించుట. “మా చివరి తూమునకు వంతు తప్పక నీరు రావలెను, అందుకై పైవారు రాత్రివేళ తూములు దింపవలెను.” ఇదియే విషయము. తక్కినదెల్ల దీనికి ఊత. ఆ వాక్యము ముందుగా మీకే కుదరకున్నచో సభకు పోవుట మానుడు. రెండు విషయములున్నచో రెండు సభలు పెట్టుకొనుడు.

మూడవది, లెక్కలు. ఎన్ని యెకరములు ఎండినవి, ఏ తేదీనుండి నీరు రాలేదు, ఎన్నిసార్లు అర్జీ యిచ్చితిరి, దాని నకలు ఉన్నదా? “చాలా నష్టము జరిగినది” అన్న మాట గాలిలో కలియును. “నలువదిరెండు ఎకరముల వరిపొలము పొట్టదశలో ఎండుచున్నది” అన్నచో అధికారి కలము తీయును. అయితే పది లెక్కలు చెప్పినచో ఒక్కటియు నిలువదు. రెండు మూడు చాలును. వానిని చిన్న కాగితముపై పెద్ద యక్షరములతో వ్రాసికొని చేతనుంచుకొనుడు. మొత్తము ప్రసంగమును వ్రాసి చదువకుడు. చదువువాని కన్ను కాగితముపై నుండును. అతని కన్ను తమపై లేనప్పుడు వినువారి మనస్సును అతనిపై నుండదు.

నాలుగవది, పైకి పలికి అభ్యసించుట. మనస్సులో చక్కగా నడిచిన మాట నోటికి వచ్చునప్పటికి కుంటును. ఇంటిలో మనుమరాలిని కూర్చుండబెట్టుకొని చెప్పిచూడుడు. ఆమెకు అర్థము గాని మాట సభలో సగముమందికి అర్థము గాదు. గడియారము చూచుకొనుడు. ఇంటిలో పదినిమిషములైనది సభలో పదునైదగును.

సిగ్గును గూర్చి ఒక మాట. గాంధీమహాత్ముడు 1891లో లండను విడుచునప్పుడు మిత్రులకు విందుచేసి, చిన్న ఉపన్యాసము సిద్ధపఱచుకొనియు, మొదటి వాక్యము దాటి ముందునకు పోజాలక, ధన్యవాదములు చెప్పి కూర్చుండెను. తన ఆత్మకథలో ఆయనయే దీనిని వ్రాసికొనెను. ఆ బిడియమే తనకు మాటలను పొదుపుగా వాడుట నేర్పినదనియు చెప్పుకొనెను. కావున మోకాళ్లు వణకినంతమాత్రమున మీరు పనికిరానివారని యెంచకుడు. వణకును దాచుకొనుటకై గొంతు పెంచువారే సభకు భారమగుదురు.

ఇక లేచి నిలిచిన పిమ్మట. “నేను అంతటివాడను గాను, సమయము చాలదు, సిద్ధపడి రాలేదు” అను క్షమాపణములతో ఆరంభింపకుడు. వేదికమీది పెద్దలందఱి పేర్లను బిరుదములతో వల్లించుటతోనే సభ సగము అలసిపోవును. ఒక్క నమస్కారము చేసి, క్షణకాలము ఊరకుండి, చివరివరుసవారి మొగము చూచి, విషయము నెత్తుకొనుడు. మైకు ఉన్నచో జానెడు దూరమున నిలువుడు; దానిలో అరవ బనిలేదు. గాలి విసరుచున్నదో, ఎండ శ్రోతల కన్నులలో పడుచున్నదో ముందే చూచుకొనుడు. ఎండలో కూర్చున్నవాడు నీడను గూర్చి యాలోచించునుగాని మీ మాటను గూర్చి గాదు.

భాషను గూర్చి. గ్రంథభాషలో మాటలాడుచు నేను మీకు వాడుకమాటను బోధించుట వింతగా తోచవచ్చును. ఇది అచ్చునకెక్కు ప్రసంగము; మీది పొలముగట్టున ఫలించవలసిన ప్రసంగము. సభలో మీ ఊరి మాటనే వాడుడు. “జలవిమోచన నియంత్రణము” అనకుడు; “తూము ఎత్తుట, దింపుట” అనుడు. కోదాడ సరిహద్దు ఊరు గనుక ఆవలివారును సభలకు వచ్చుచుందురు. ఒక మాట వారికి వేఱుగా వినబడునని తోచినచో రెండు విధముల చెప్పుడు.

మనకు గురువులు దూరమున లేరు. బుఱ్ఱకథను చూడుడు. నడుమ తంబురతో కథకుడు, ఇరుప్రక్కల ఇద్దఱు వంతలు. ఒక వంత నవ్వించును. రెండవ వంత లోకసంగతులను ముడిపెట్టును. కథకుడు ముందునకు పోవుచుండగా వీరు “అట్లెందుకైనది? తరువాత నేమైనది?” అని యడుగుదురు. అది నిజముగా శ్రోత మనస్సులోని ప్రశ్న. మీకు వంతలు లేరు గనుక ఆ పనిని మీరే చేయవలెను. “పైవారు తూము దింపిన వారి పొలము ఎండదా అని మీరడుగవచ్చును” అని మీరే ప్రశ్న వేసి, మీరే సమాధానము చెప్పినచో, ఎదిరి మనస్సు సగము కరగును.

తుంగతుర్తి ప్రాంతపు కరివిరాల కొత్తగూడెమున 1931లో జన్మించిన మల్లు స్వరాజ్యముగారు, తెలంగాణ సాయుధ పోరాటకాలమున పల్లె స్త్రీలు పాడుకొను ఉయ్యాల పాటల వరుసలో కష్టసుఖములను పాడి జనమును కూడగట్టిరి. వినువారికి బాణి ముందే తెలిసినది, మాట క్రొత్తది. తెలిసినదాని చేయిపట్టుకొని తెలియనిదానికడకు నడిపించుటయే ప్రసంగమునందలి రహస్యము.

ఎప్పుడు ఆపవలెనో తెలియుట కడపటి విద్య. 1863 నవంబరు 19వ తేదీన అమెరికాలో గెట్టిస్‌బర్గు అను ఊర, యుద్ధమున మృతులైన సైనికుల శ్మశానవాటికను అంకితము చేయు సభ జరిగెను. ఎడ్వర్డు ఎవరెట్టు అను ప్రసిద్ధవక్త రెండుగంటలసేపు మాటలాడెను. తరువాత అధ్యక్షుడగు అబ్రహాము లింకను లేచి రెండుమూడు నిమిషములలో ముగించెను. నేడు లోకము స్మరించుచున్నది లింకను మాటలనే. మీరు కూర్చుండుటకు ముందు, ఆరంభమున చెప్పిన ఆ యొక్క వాక్యమును మరల చెప్పి, ఎవరు ఏ తేదీకి ఏమి చేయవలెనో చెప్పి, కూర్చుండుడు.

ఎవరైన అడ్డుప్రశ్న వేసినచో కోపగింపకుడు. ప్రశ్నను పూర్తిగా విని, అందఱకును వినబడునట్లు మరల చెప్పి, సమాధానమిండు. తెలియనిచో “తెలియదు, కనుగొని ఫలానిరోజున చెప్పెదను” అనుడు. నేను ఆ వృద్ధురాలితో ఆ మాట యననైనను అనలేదు. ఏమేమో చెప్పి తప్పించుకొంటిని. అదియే నన్ను నేటికిని బాధించుచున్నది.

తరువాతి యేట ఆ గ్రామమునకే మరల పోతిని. ఈసారి వినుటకు. అధికారి వచ్చిన సభలో ఒక నడివయసు రైతు లేచెను. చదువు అంతంతమాత్రము. పుల్లతో నేలమీద కాలువ గీచెను. తూములకు గుర్తుగా గులకరాళ్లు పెట్టెను. “ఇది మొదటి తూము, ఇది మాది. నీరు ఇక్కడిదాక వచ్చి ఆగుచున్నది” అని చూపెను. ఎన్ని యెకరములో, ఎన్ని దినములో చెప్పెను. నడుమ మాట తడబడి ఆగిపోయెను. ప్రక్కనున్న యువకులిద్దఱు నవ్విరి. అప్పుడు సభాపెద్ద చేయి యెత్తి, “నవ్వకుండ్రి. ఆయన చెప్పేది మనందరి సంగతే. చెప్పు తమ్మీ, నిమ్మళంగ చెప్పు” అనెను. రైతు గ్రుక్కెడు నీరు త్రాగి ముగించెను. మొత్తము అయిదు నిమిషములు. అధికారి వంగి ఆ గులకరాళ్లను చూచి, లష్కరును పిలిచి, ఆ వారపు వంతును అక్కడనే నిర్ణయించెను.

ఆ పని సాధించినది రైతు మాటయా, పెద్ద యెత్తిన చేయియా? రెండును. 1921లో ఆ నగరసభయందు నవ్వినవారి యెదుట అట్టి చేయి లేచి నిలువలేదు. గ్రామపెద్దలారా, సభలో మాటలాడుట నేర్చుకొనుడు. అంతకుమించి, మాటరానివానికి మాట దొరకునట్లు సభను నిలుపుడు. స్త్రీ లేచినప్పుడు, కూలివాడు లేచినప్పుడు, మొదటిసారి లేచిన పిల్లవాడు తడబడినప్పుడు, ఆ చేయి మీదే కావలెను.

మీరు సభలో శ్రోతల మొగములను చూడగలరు. నాకు ఆ భాగ్యము లేదు; ఎవరు కునుకుచున్నారో, ఎవరు లేచిపోయిరో ఈ గదిలోనుండి నాకు కానరాదు. కావున ఆపవలసిన వేళను గడియారమే చెప్పుచున్నది.