వెళ్ళొద్దన్న దేశం – వెళ్ళక తప్పని కార్మికుడు

(చోరనూరులో జరిగిన మిల్లు కార్మికుల సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు సభలో బోనస్ గురించీ, బదిలీ కార్మికుల హాజరు గురించీ మాట్లాడుకున్నాం. ఇక మిగిలింది మీలో చాలామంది మమ్మల్ని విడిగా అడుగుతున్న విషయం. షిఫ్టులు తగ్గి, నెలలో సగం రోజులు కూడా పని దొరకని బదిలీ కుర్రవాళ్ళ దగ్గరికి ఏజెంట్లు వస్తున్నారు. “ఇరాక్‌లో పని ఉంది, విజిట్ వీసా మీద పంపుతాం, అక్కడ దిగాక అకామా చేయిస్తాం” అంటున్నారు. అడ్వాన్సు కోసం ఇంట్లో ఆడవాళ్ళ మెడలోని బంగారం కుదువకు పోతోంది. “గవర్నమెంటు వద్దంటోంది కదా, పోవచ్చునా, పోకూడదా?” అని మీరు అడుగుతున్నారు. ఒక్క మాటలో జవాబు చెప్పి తప్పించుకోవడం సంఘానికి తగదు. కాబట్టి కొంచెం ఓపికగా వినమని కోరుతున్నాం.

మనం గడి మీద బతికేవాళ్ళం. 1953లో బళ్ళారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్ళారి, సండూరు మైసూరులో మిగిలాయి. మన చుట్టాలు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. రాయదుర్గం పోయి పెళ్ళి చూసి రావడానికి మనకు ఏ చీటీ అక్కరలేదు. గడి దాటడం మనకు వింత కాదు. కానీ దేశం గడి దాటాలంటే మాత్రం చీటీ కావాలి, ఆ చీటీ సర్కారు చేతిలో ఉంది.

1967కు ముందు పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారుల ఇష్టం. ఆ ఏడాది ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు, సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, విదేశానికి వెళ్ళే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని తీర్పు చెప్పింది. ఐదుగురు జడ్జీలలో ముగ్గురు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ముగ్గురి తరఫున తీర్పు రాసినవారు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు, మన తెలుగువారు. ఆ తీర్పు వచ్చాకనే అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. అంటే దేశం దాటడం మన హక్కు, సర్కారు పెట్టే దయాభిక్ష కాదు. ఆ హక్కును ఆపాలంటే చట్టం ఉండాలి, ఆ చట్టానికి కారణం ఉండాలి. ఆ కారణం ఎవరి మేలు కోసమని అడిగే అధికారం మనకుంది.

మన సర్కార్లు పెట్టిన నిషేధాలన్నీ ఒక్క రకానివి కావు. మొదటి రకం, అణగారినవాళ్ళ పక్షాన పెట్టినది. దక్షిణాఫ్రికాకు 1860 నుంచి 1911 దాకా లక్షా యాభై వేల పైచిలుకు మంది కూలీలు మన దేశం నుంచి ఒప్పందం మీద వెళ్ళారు. మద్రాసు రేవునుంచి ఎక్కినవాళ్ళలో తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. నాటాల్ చెరకు తోటల్లో వారిని పెట్టిన బాధలు చూసి, గోఖలే వంటివారు పట్టుబట్టగా, 1911లో ఆ వలసను ఆపేశారు. తర్వాత అక్కడి తెల్ల ప్రభుత్వం రంగు భేదాన్ని చట్టం చేస్తూ పోతుంటే, 1946లో మన దేశం ఆ దేశంతో వ్యాపారం తెంచుకుంది. చాలా ఏళ్ళు మన పాస్‌పోర్టు దక్షిణాఫ్రికాకు చెల్లేది కాదు. 1993లో సంబంధాలు మళ్ళీ కలిశాయి. డర్బన్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళకూ మనకూ మధ్య మామూలు రాకపోకలు ఆ కాలమంతా మూసుకుపోయాయి. ఆ నష్టం నిజమే. కానీ అక్కడి నల్లజాతి కార్మికులే ప్రపంచాన్ని బహిష్కరించమని కోరారు. సమ్మె రోజున గేటు దాటి లోపలికి పోకపోవడం ఎలాంటిదో అదీ అలాంటిదే. ఆ నిషేధాన్ని కార్మికవర్గం గౌరవించింది.

రెండో రకం, బేరం కోసం పెట్టినది. 1938లో మలయా రబ్బరు తోటల యజమానులు మన కూలీల రేటు కోశారు. ఆ ఏడాది జూన్‌లో భారత ప్రభుత్వం, అదీ బ్రిటిష్ ప్రభుత్వమే, తోటలకు ఖర్చులిచ్చి కూలీలను పంపే పద్ధతిని నిషేధించింది. “కూలి తగ్గిస్తే మనిషి రాడు” అని చెప్పిన నిషేధం అది. దాని వెనక ఒక డిమాండు ఉంది.

ఇక మూడో రకం, ఈనాడు మన తలమీద ఉన్నది. “అక్కడ యుద్ధం ఉంది, మీ ప్రాణం కోసమే వద్దంటున్నాం” అనే నిషేధం. 2004 జూలైలో ఇరాక్‌లో ముగ్గురు భారతీయ లారీ డ్రైవర్లను కిడ్నాప్ చేశాక, పనికోసం ఇరాక్ వెళ్ళడాన్ని ప్రభుత్వం ఆపింది. ఆ నిషేధం 2010 దాకా నడిచింది. 2014 జూన్‌లో మోసుల్ పడిపోయాక మళ్ళీ క్లియరెన్సులు ఆపారు. 2016లో లిబియా, 2017లో యెమెన్ ఆ జాబితాలోకి వచ్చాయి. ప్రాణం కాపాడాలనే ఉద్దేశాన్ని మేము తప్పుపట్టం. 2015 జూలైలో లిబియాలోని సిర్త్ దగ్గర యూనివర్సిటీలో పాఠాలు చెప్పే నలుగురు భారతీయులను పట్టుకుపోయారు. వారిలో ఇద్దరు మన కర్నాటకవారు, రెండు రోజుల్లో విడుదలయ్యారు. మిగిలిన ఇద్దరు తెలుగువారు, వాళ్ళు బయటపడేసరికి 2016 సెప్టెంబరు వచ్చింది. అపాయం కట్టుకథ కాదు.

మేము అడిగేది వేరే సంగతి. తలుపు మూసిన సర్కారు, ఆ తలుపు దగ్గరికి మనిషిని తరిమిన ఆకలికి ఏం చేసింది? ఏమీ చేయలేదు. అందుకే నిషేధం ఉన్న కాలంలోనూ కార్మికులు దుబాయి మీదుగా, కువైట్ మీదుగా, జోర్డాన్ మీదుగా ఇరాక్ వెళ్ళారు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెలవాళ్ళు బస్రాలో, ఎర్బిల్‌లో పనిచేశారు. నిషేధం వల్ల ప్రయాణం ఆగలేదు. దారి మారింది, ఏజెంటు రేటు పెరిగింది, చేతిలో ఉండాల్సిన కాగితం పోయింది.

కాగితం పోవడమంటే ఏమిటో చెబుతాం. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదో తరగతి పాసుకాని వాడి పాస్‌పోర్టులో ఇ.సి.ఆర్. అని ఉంటుంది. వాడు గల్ఫ్ దేశాలు, ఇరాక్, లిబియా వంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రవాసుల సంరక్షణాధికారి దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. అది తీసుకున్నవాడికి ఒప్పంద పత్రం రికార్డులో ఉంటుంది, జీతం ఎంతో రాసి ఉంటుంది, ప్రవాసీ భారతీయ బీమా కింద పది లక్షల రూపాయల బీమా ఉంటుంది. ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలు. విజిట్ వీసా మీద పోయినవాడికి ఇందులో ఒక్కటీ లేదు. రికార్డుల ప్రకారం వాడు కార్మికుడే కాడు, ఊళ్ళు చూడ్డానికి పోయిన పర్యాటకుడు. పైగా క్లియరెన్స్ లేకుండా పోవడం అదే చట్టం కింద నేరం, రెండేళ్ళదాకా జైలు. మోసపోయినవాడు ఎంబసీ మెట్లెక్కడానికి భయపడేది అందుకే.

మోసుల్‌లో పట్టుబడిన 39 మంది సంగతి మీకు తెలుసు. ఎక్కువమంది పంజాబువాళ్ళు, ఇళ్ళు కట్టే పనివాళ్ళు. 2014 జూన్‌లో కనబడకుండా పోయారు. వాళ్ళు చనిపోయారని 2018 మార్చి 20న పార్లమెంటులో చెప్పారు. దాదాపు నాలుగేళ్ళు వాళ్ళ ఇంటివాళ్ళు బొట్టు తుడుచుకోవాలో వద్దో తెలియకుండా గడిపారు. శవపేటికలు వచ్చిన రోజున ఒక మంత్రిగారు, వాళ్ళు ఏజెంట్ల ద్వారా అక్రమంగా వెళ్ళారనీ, ఏ ఎంబసీలోనూ వాళ్ళ రికార్డు లేదనీ అన్నారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ రికార్డు లేకుండా చేసిందెవరు? మన ఊళ్ళలో బోర్డు కట్టి మరీ కూర్చున్న ఏజెంటు ఎవరికి కనబడలేదు?

ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న ఆడకూలీకి ముప్పై ఏళ్ళు నిండకపోతే ఆ 18 దేశాలకు క్లియరెన్స్ ఇవ్వరాదని నియమం పెట్టారు. ఆమె మానాన్ని కాపాడడానికేనన్నారు. కడప జిల్లా నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళను చూడండి. ఇరవై అయిదేళ్ళ తల్లికి అప్పు ముప్పై ఏళ్ళు నిండేదాకా ఆగుతుందా? ఏజెంటు వయసు మార్చి కాగితం పుట్టిస్తాడు. ఆ అబద్ధపు వయసుతో వెళ్ళినామె అక్కడ సేఠు కొట్టినా నోరెత్తలేదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఇదే సర్కారు 2023లో ఇజ్రాయెల్‌తో ఒప్పందం చేసుకుంది. గాజా యుద్ధం నడుస్తుండగానే 2024లో రోహ్‌తక్‌లో, లక్నోలో, తర్వాత హైదరాబాదులో కూడా తాపీ పనివాళ్ళను, ఇనుప కడ్డీలు వంచేవాళ్ళను ఎంపిక చేసి పంపించింది. కేంద్ర కార్మిక సంఘాలు వద్దని ఖండించాయి. ఇజ్రాయెల్ ఆ 18 దేశాల పట్టికలోనే లేదు. 2024 మార్చిలో అక్కడి పొలంలో పనిచేస్తున్న కేరళ కార్మికుడొకరు క్షిపణి దెబ్బకు చనిపోయాడు. యుద్ధం జరిగే చోటికి తనంతట తాను పోతే కార్మికుడు నేరస్తుడు. సర్కారు ఒప్పందం మీద పోతే అది ఉపాధి. ప్రాణం విలువ రెండు చోట్లా ఒక్కటే కదా? కాబట్టి ప్రాణరక్షణ అనే మాటను మేము పూర్తిగా నమ్మలేకపోతున్నాం.

అయితే సంఘం ఏమంటుంది? నిషేధించిన చోటికి విజిట్ వీసా మీద పోవద్దంటుంది. సర్కారు వద్దన్నదని కాదు, అక్కడ నీకు సంఘం లేదు, కాగితం లేదు, తిరిగొచ్చే దారి లేదు కాబట్టి. ఇక్కడ యాజమాన్యం జీతం ఆపితే గేటు దగ్గర నలుగురం కూర్చోగలం. అక్కడ పాస్‌పోర్టు సేఠు బీరువాలో ఉంటే ఎవరి గేటు దగ్గర కూర్చుంటావు? కానీ ఒకటి గట్టిగా చెబుతున్నాం. ఎవరైనా పోయి చిక్కుకుంటే, “చెప్పినా వినలేదు” అని సంఘం మొహం తిప్పుకోదు. అప్పు పుట్టక పోయినవాడు మన తమ్ముడే.

పోదలచుకున్నవాళ్ళు కొన్ని పనులు తప్పక చేయండి. ఏజెంటుకు విదేశాంగ శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఇ-మైగ్రేట్ జాబితాలో ఆ నంబరు ఉందో లేదో చదువుకున్న పిల్లలచేత చూపించండి. సర్వీసు చార్జీ ముప్పై వేలు, దాని మీద పన్ను మించి అడిగితే అది దోపిడీ. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. ఆంక్షలు తరచు మారుతుంటాయి కాబట్టి ఆ దేశం పరిస్థితి ఈ వారం ఏమిటో 1800 11 3090 నంబరుకు ఫోన్ చేసి అడగండి, డబ్బు పడదు. వీసా, ఒప్పందం, పాస్‌పోర్టు నకళ్ళు ఒక కట్ట ఇంట్లో, ఒక కట్ట సంఘం ఆఫీసులో పెట్టండి. మోసుల్ వాళ్ళకు లేనిది ఆ ఒక్క కట్టే.

సర్కారును మేము అడిగేవి నాలుగు. ఒకటి, నిషేధం పెట్టిన రోజునే, ఆ దేశానికి అప్పుచేసి సిద్ధపడ్డవాళ్ళకూ, తిరిగొచ్చినవాళ్ళకూ పని, అప్పు వాయిదా చూపాలి. రెండు, క్లియరెన్స్ లేకుండా వెళ్ళిన కార్మికుణ్ణి శిక్షించే నియమం తీసేసి, పంపిన ఏజెంటు మీద కేసు నడపాలి. 2019లో, 2021లో, 2025లో కొత్త చట్టానికి ముసాయిదాలు ప్రకటించారు, ఈ మాట చట్టంలో రాయాలి. మూడు, వయసు పేరుతో ఆడవాళ్ళ దారి మూయడం మాని, వాళ్ళు పనిచేసే చోట రక్షణ కల్పించాలి. నాలుగు, గడికి ఇటున్న తెలుగువాళ్ళు కర్నాటక ఆఫీసుల్లో కన్నడ ఫారాలు, ఆంధ్ర ఆఫీసుల్లో “మీరు మా రాష్ట్రం కాదు” అనే జవాబు మధ్య నలిగిపోకుండా రెండు రాష్ట్రాలూ కలిసి ఒక సహాయ కేంద్రం ఈ గడి ప్రాంతంలో పెట్టాలి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని మన మిల్లు గేటు దగ్గరే ఉంది. బదిలీ కుర్రవాడికి నెలకు ఇరవై ఆరు రోజులు పని ఇప్పించగలిగితే ఇరాక్ ఏజెంటు చోరనూరు దారి పట్టడు. ఈ రాత్రి ఇంటికి పోయాక, మీ వీధిలో ఎవరు పాస్‌పోర్టు ఇచ్చారో, ఎంత అడ్వాన్సు కట్టారో కనుక్కోండి. ఆదివారంలోగా ఆ పేర్లు సంఘం ఆఫీసుకు చేరాలి. డబ్బు వెనక్కి రాబట్టడానికి మనం అందరం కలిసే పోదాం.

సెలవు. కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!