ఉమ్మడి మార్కెట్టును వీడితే పాల దారి ఏమగును?

(హుజూరాబాద్‌లో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



దేశాల మధ్య వాణిజ్య ఒప్పందాల మాట ఢిల్లీ పెద్దలది గదా, పొద్దున మాపున పాలు పోసే మనకు దానితో ఏమి పని అని మీకు అనిపించవచ్చు. పాలు గంటల్లో పాడయ్యే సరుకు. సరిహద్దు వద్ద ఆలస్యమైతే ముందుగా దెబ్బ తినేది పాడివారే. అందుచేత ఈ సంగతి మనం తెలుసుకోవలసి యున్నది.

నిజాం కాలంలో సంస్థానం హద్దుల్లో కరోడ్‌గిరి నాకాలుండేవని పెద్దల నోట విన్నాం. బయటి సరుకుకు అక్కడ సుంకం కట్టవలసి వచ్చేది. కొన్ని దేశాలు తమ మధ్య అటువంటి నాకాలు తీసివేసుకుంటే అదే ఉమ్మడి మార్కెట్టు. యూరపు దేశాలు అట్లే చేసుకున్నవి. బ్రిటన్ 2016 జూన్ 23న ఓటు వేసి, 2020 జనవరి 31న ఆ కూటమిని వీడినది. ఆ ఏడాది చివరి దాకా పాత పద్ధతే నడిచి, 2021 జనవరి 1 నుండి నాకా తిరిగి వచ్చినది.

సుంకం పడినదా? నిబంధనలకు లోబడిన సరుకుపై పడలేదు. పడినది కాగితాల భారం. సరుకు ఎక్కడ పుట్టినదో రుజువు చూపాలి. చీజ్ పంపాలంటే అధికారి సంతకంతో ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. పెద్ద కంపెనీ ఆ ఖర్చును వేల పెట్టెల మీద సర్దుకుంటుంది. పది పెట్టెలు పంపే చిన్న ఉత్పత్తిదారు లాభమంతా దానికే పోతుంది. విడిభాగాలు ఇతర దేశాల నుండి తెచ్చుకొనే కార్ల కర్మాగారాలకూ ఇదే చిక్కు. ఒక్క భాగం దారిలో ఆగితే ఇక్కడ పనంతా ఆగుతుంది.

మనకు దగ్గరి ఉదాహరణ ఐర్లండు. ద్వీపం ఒక్కటే గాని, ఉత్తర భాగం బ్రిటన్ పాలనలో ఉన్నది. దక్షిణ భాగం యూరపు కూటమిలోని స్వతంత్ర దేశం. ఉత్తరాన పిండిన పాలలో సుమారు మూడో వంతు టాంకర్లలో దక్షిణాది కర్మాగారాలకు పోతుంది. లేక్‌లాండ్ డెయిరీస్ అనే రైతుల సహకార సంఘానికి సరిహద్దుకు రెండు వైపులా సభ్యులున్నారు. అక్కడ నాకా పెడితే ఎట్లుంటుంది? మన టాంకరును మానకొండూరు వద్ద ఆపి, కాగితాలు చూసేదాకా కరీంనగర్‌కు పోనీయమన్నట్లే. పాలు విరిగిపోతాయి, బర్రె మాత్రం మాపటికి మళ్లీ చేపుకు వస్తుంది.

అక్కడి రైతులు, డెయిరీలు ఈ ప్రమాదాన్ని ముందే ఎత్తి చూపారు. సరుకుల విషయంలో ఉత్తర ఐర్లండు యూరపు నిబంధనలనే పాటించేట్లు ఏర్పాటు జరిగినది. 2023లో దానిని సవరించారు. పాల టాంకర్లు ఆగలేదు. తనిఖీలు సముద్రం దాటి బ్రిటన్ నుండి ఉత్తర ఐర్లండుకు వచ్చే సరుకు మీదికి మళ్లినవి. అయినా ఒక చిక్కు మిగిలినది. రెండు వైపుల పాలు కలిపి చేసిన పొడి, యూరపు కూటమి ఇతర దేశాలతో చేసుకున్న ఒప్పందాల కింద యూరపు సరుకుగా లెక్కకు రాకపోవచ్చు.

మన దేశం సంగతి వేరు. ఆర్.సి.ఇ.పి. అనే ఆసియా, పసిఫిక్ దేశాల కూటమి చర్చల నుండి 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మనం తప్పుకున్నాం. ఇది ఉన్న కూటమిని వీడుట కాదు, చేరకుండా ఆగుట. తక్కిన 15 దేశాలు 2020 నవంబరులో సంతకాలు చేసినవి. తన పాల ఉత్పత్తిలో అత్యధిక భాగాన్ని ఎగుమతి చేసే న్యూజిలాండ్ అందులో ఉన్నది. అక్కడి పాలపొడి సుంకం లేకుండా దిగితే మన లీటరు ధర నిలవదని పాల సహకార సంస్థలు ఆనాడు గట్టిగా చెప్పినవి. ఆ గండం తప్పినది. కాని గోడ చాటున ఉన్నంత మాత్రాన నాణ్యత పెరగదు. మన సరుకు బయటికి పోవాలన్నా అదే గోడ అడ్డు.

కనుక మూడు పనులు మన చేతిలో ఉన్నవి. ప్రతి పూట వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. అంకెలు రిజిస్టరులో సరిగా ఎక్కాలి. మందు వాడిన పశువు పాలను, పశువైద్యుడు చెప్పిన గడువు దాటేదాకా సంఘానికి పోయరాదు. ఒప్పందాల చర్చ వచ్చినప్పుడు సంఘం తీర్మానం చేసి, సంతకాలకు ముందే ఫెడరేషన్‌కు పంపాలి. నాకా పడిన తర్వాత మొత్తుకుంటే విరిగిన పాలు తిరిగి రావు.