చర్మపు జమాఖర్చులు: సోరియాసిస్ అంటువ్యాధి కాదు



ప్రళయకావేరియని పెద్దలు పిలిచెడి ఈ పులికాట్ సరస్సు తీరమున చేపపొలుసు నెరుగనివారుండరు. చరకసంహితయందు ఏకకుష్ఠమను చర్మరోగమును వర్ణించుచు, చెమట పట్టక, విస్తారముగా వ్యాపించి, చేపపొలుసును పోలియుండునని చెప్పబడినది. నేడు వైద్యులు సోరియాసిస్ అనెడి వ్యాధి కీ వర్ణన మిగుల దగ్గరగా నున్నది. అయితే ప్రాచీనులు కుష్ఠమను పేర పదునెనిమిది చర్మరోగములను చేర్చిరి. వాడుకలో ఆ పేరొక్క కుష్ఠువ్యాధికే నిలిచిపోయినది. అందుచే పొలుసు రాలు ప్రతివానిని చూచి జనులు తొలగిపోవుట, కుదిరిన సంబంధములు తప్పిపోవుట సంభవించుచున్నది. ఐరోపాలోను ఈ పొరపాటుండెను. 1841లో వియన్నా వైద్యుడు హెబ్రా ఈ రెండును వేరువేరు వ్యాధులని స్పష్టపరచెను.

చర్మపు పైపొర యడుగున క్రొత్తకణములు నిత్యము పుట్టుచుండును. అవి మెల్లగా పైకివచ్చి, ముదిరి, నిర్జీవములై, కంటికి కానరాకుండ రాలిపోవును. ఇందుకు సుమారు ఒక మాసము పట్టును. జమకు ఖర్చు సరిపోవుటచే చర్మము దళసరి యెక్కదు. సోరియాసిస్‌నందు ఈ నెలదినముల పని మూడు నాలుగు దినములలోనే ముగియును. కణములు పక్వము కాకుండగనే పైకివచ్చి, విడివడి రాలలేక, ఒకదానిపై నొకటి పేరుకొనును. జమ పెరిగి ఖర్చు చాలనప్పుడు మిగిలిన నిల్వయే ఆ తెల్లని పొలుసు. దానిక్రింద రక్తనాళము లుబ్బుటచే చర్మము ఎర్రబారును. మోచేతులు, మోకాళ్లు, తల, నడుము దీనికి ముఖ్యస్థానములు. కొందరికి గోళ్లు గుంటలుపడును, కీళ్లు వాచును.

ఈ తొందరకు కారణమేమి? దేహమును కాపాడవలసిన తెల్లరక్తకణములు శత్రువు లేకయే యుద్ధసన్నాహము చేసి, కణవృద్ధిని త్వరపెట్టును. ఈ స్వభావము కొంత వంశానుగతము. గొంతునొప్పి, గాయము, మనోవ్యథ, మద్యము, పొగ దీనిని రేపును. ఒకరినుండి వేరొకరికి ప్రాకెడి క్రిమి ఇందులో లేదు. పూర్వజన్మపాపమును లేదు.

దీని చికిత్సలో తెలుగువాని చేయియు కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు, కణవృద్ధి నరికట్టు అమినోప్టెరిన్ తయారయ్యెను. ఆయన 1948లో దివంగతులైరి. 1951లో ఆ మందు పొలుసులనుగూడ తగ్గించునని వైద్యులు గమనించిరి. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేట్ నేటికిని వాడబడుచున్నది. అయితే ఈ వ్యాధికి దానిని వారమున కొక్కమారే పుచ్చుకొనవలెను. దినదినము మ్రింగిన ప్రాణాపాయము. గర్భిణులకు నిషిద్ధము. రక్తపరీక్షలు చేయించుకొనుచు వైద్యుని యాజ్ఞమేరకే వాడవలెను. వ్యాధి సమూలముగా పోకపోయినను, పూతమందులచేతను, సూర్యరశ్మితోడి చికిత్సచేతను, మందులచేతను అదుపులో నుండును.

2014లో ప్రపంచ ఆరోగ్యసభ దీనిని అంటని దీర్ఘవ్యాధిగా గుర్తించి, రోగులయెడల వివక్ష తగదని తీర్మానించెను. ఆ తీర్మానము అమలుకావలసినది మన రచ్చబండలయందును, ఈ పఠనమందిరమునందును. చొక్కాచేతులు దించుకొని మూలగా నిలిచిన పాఠకుడు కనబడినచో, ప్రక్కకు జరిగి బల్లపై చోటీయవలెను. అతడు చదివిన పుస్తకమును నిస్సంకోచముగ అందుకొనవలెను. ఇరువదియైదేండ్లు చదివిన చదువునకు ఫలమదియే.