దీపం దగ్గర పడే నీటిపురుగు

వానలు పడి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల చెరువుల్లో నీళ్లు చేరినప్పుడు, రాత్రిపూట దీపాల దగ్గర గోధుమరంగు వెడల్పాటి పురుగు వచ్చి పడుతుంటుంది. బొద్దింక కదా అని చేత్తో పట్టేరు! దాని నోరు సూదిముక్కు. పొడిచిందంటే బాగా సలుపుతుంది. ఇది నల్లి, పచ్చదోమల వర్గానికి చెందినది.

ముందు పొడవు చూడండి. రెండున్నర అంగుళాలు దాటితే లెథోసెరస్ ఇండికస్. 1825లో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వర్ణించిన జాతి. నీటిపైకి లేచిన కాడలకు గుడ్లు పెడుతుంది. అంగుళం లోపుండి, వీపున గుడ్లు మోస్తుంటే డిప్లోనికస్. మోసేది మగదే సుమండీ! వెనుక పొడవాటి గొట్టముంటే అది నీటితేలు, వేరు.

పెద్దది చేపపిల్లల రసం పీల్చివేస్తుంది. చిన్నది దోమపిల్లలను విస్తారంగా తింటుంది. కనుక ఊరిచెరువులో పురుగుమందు పోయవద్దు. చేపపిల్లలను పెంచే గుంటలో మాత్రం రెండూ శత్రువులే. పిల్లలను వదలడానికి ముందురోజు, గాలిలేని వేళ, హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు కలిపి చల్లవలెను. ఖర్చే ననుకోండి. కాని ఈ పురుగు వెనుకభాగాన్ని నీటిపైకి పెట్టి గాలి పీలుస్తుంది; నూనెపొర ఆ దారి మూసివేస్తుంది.