తసమదీయుల తెలుగు



సినిమా సమాజానికి అద్దమన్న మాట ఈ సభలో పొద్దున్నుంచి నాలుగుసార్లు విన్నాను. అద్దమైతే మన మొహమే చూపాలి కదా! నలభై ఏళ్లుగా నా తగవు ఈ ఒక్క మాటతోనే. తెలుగువాడు ఎట్లా మాట్లాడాలో తెర చెప్పింది, మనం నేర్చుకున్నాం.

వ్యావహారికాన్ని గిడుగువారు గెలిపించారని పాఠం చెప్పుకుంటాం. కాదనను. ఆ గెలుపును అక్షరం రానివాళ్ల చెవిదాకా మోసిందెవరు? 1938లో 'మాలపిల్ల'కు తాపీ ధర్మారావుగారు మాటలు రాశారు. నాటకపు గ్రాంథికం పక్కకు జరిగి, నలుగురాడే మాట తెరకెక్కింది. మరుసటేడు 'రైతుబిడ్డ' చూసి జమీందార్లు భగ్గుమన్నారు. మాట అర్థమైతేనే గదా కోపం వచ్చేది!

అయితే ఆ నలుగురూ ఎవరు? మద్రాసులో కూర్చుని రాసిన ఆ తెలుగు మెల్లగా కృష్ణా, గుంటూరు నుడికి ఒదిగిపోయింది. మిగతా సీమల మాట హాస్యగాడికీ రౌడీకీ మిగిలింది.

మా ఊళ్లో టూరింగ్ టాకీసు డేరా కింద 'మాయాబజార్' చూశాను. పింగళివారి 'తసమదీయులు' పుస్తకం పట్టని మా అవ్వ నోట్లో పడింది. మాటల్లేని చుట్టాలందరూ ఆమెకు చచ్చేదాకా తసమదీయులే. అదే డేరాలో ఇంకో ఏడు, ఇంకో సినిమాలో ఒక రౌడీ 'వచ్చిండు' అన్నాడు. డేరా అంతా నవ్వింది. అవ్వా నవ్వింది. ఇంట్లో ఆమె అనేదీ 'వచ్చిండు' అనే.

1980లో 'మా భూమి' వచ్చినప్పుడు మాత్రం ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఇప్పుడంటారా, 'బలగం' తర్వాత మా యాసకు గిరాకీ పెరిగింది. సంతోషమే. కొన్ని సినిమాల్లో వినిపించే యాస మాత్రం ఏ ఊరిదో, అరవై ఏళ్లు ఇక్కడే బతికినా పోల్చుకోలేకపోతున్నాను.

తారారాధన మీద, 1983 ఎన్నికల మీద లావుపాటి గ్రంథాలు రాసిన మిత్రులు ముందు వరుసలోనే ఉన్నారు. కృష్ణుడి కిరీటానికి ఎన్ని ఓట్లు రాలాయో వాళ్లు లెక్కగట్టారు. ఆ కృష్ణుడు ఎవరి తెలుగు మాట్లాడాడో అడగలేదు. 'భక్త ప్రహ్లాద' విడుదలైంది 1931లో కాదు, 1932 ఫిబ్రవరి 6న అని రెంటాల జయదేవ ఆధారాలతో తేల్చారు. ఒక్క తేదీకి అంత ఓపిక పట్టినవారున్నారు. మాటకు అందులో సగం ఓపికైనా దక్కాలి.

నా విద్యార్థిని ఒకామె మాటల రచయితల నుడి మీద పరిశోధన చేస్తానంటే, ఇది సాహిత్యమేనా అని ఒక సంఘం కాగితం తిప్పి పంపింది. పేరు చెప్పను. అందులోని ఇద్దరు సభ్యులు ఇప్పుడు తల దించుకుని కార్యక్రమపత్రం చదువుతున్నారు.

చివరగా ఒక మనవి. సినిమా హాలు బయట అణాలకు అమ్మిన పాటల పుస్తకాలు గుర్తున్నాయా? కథాసంగ్రహం, పాటలు, వెనక అట్ట మీద తలనొప్పి మందు ప్రకటన. మన గ్రంథాలయాలు వాటిని పుస్తకాలుగా లెక్కపెట్టలేదు. ఇళ్లలో చెదలు తిన్నవి పోగా చిత్తుకాగితాల బండికెక్కినవే ఎక్కువ. నా దగ్గర ఒక రేకుపెట్టె నిండా ఉన్నాయి, ఇవాళ వెంట తెచ్చాను. భోజనాలయ్యాక చూద్దురుగాని. పప్పు చేతులు కడుక్కుని రండి.