స్పాయిలర్లు లేవకపోతే

మూకండపల్లిలో షిఫ్టు దిగొచ్చి కంప్యూటర్లో యుద్ధవిమానం నడిపే కుర్రాళ్లకు ఈ నాలుగు మాటలు. బెళగొండపల్లి రన్‌వే దగ్గర్లోనే ఉన్నా, మనకు కాక్‌పిట్ దొరికేది ఆటలోనే కదా!

ఎఫ్-14 టామ్‌క్యాట్‌ను దించారు. రెక్కల మీది స్పాయిలర్లు లేవలేదు. అవి లేస్తేనే బరువు చక్రాల మీద పడి బ్రేకులు బాగా పడతాయి. ఆట చెడిందనుకోకండి. ముందు థ్రాటిల్ చూడండి. పూర్తిగా ఐడిల్‌కి రావాలి. జాయ్‌స్టిక్ పాతదైతే, థ్రాటిల్ చివరిదాకా లాగినా వెంట్రుకవాసి మిగిలిపోతుంది. సెట్టింగుల్లో ఆ చివర కాస్త డెడ్‌జోన్ పెట్టండి. స్పాయిలర్ బ్రేక్ స్విచ్ కూడా వేసుండాలి. మళ్లీ చెబుతున్నా, ముందు థ్రాటిల్!

గాలిలో పక్కకు ఒరిగేటప్పుడు స్పాయిలర్లు లేవడం లేదా? రెక్కలు 62 డిగ్రీలు దాటి వెనక్కి వెళ్తే లేవవు. అసలు విమానంలోనూ అంతే. అప్పుడు ఒరిగించే పని తోకదే.