నీటిబొట్టు నిర్మించిన గుహలు



నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల సమీపముననున్న బెలుం గుహలను చూడబోవువారికి మొదట ఆశ్చర్యము కలిగించునది అక్కడ కొండ కానరాకపోవుట. గుహ యనగా కొండ కడుపున నుండునదని లోకుల తలంపు. ఇచ్చట నున్నది చదునైన నేల. అందు బావులవంటి గోతులు. వాని క్రింద 3,229 మీటర్ల పొడవున సొరంగములు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు వీనిని పేర్కొనెను. తరువాత దాదాపు నూరేండ్లకు, 1982, 1983 సంవత్సరములలో, డేనియల్ గెబవర్ నాయకత్వమున జర్మను అన్వేషకులు లోపలికి దిగి కొలతలు తీసిరి.

ఈ సొరంగములను తొలిచినది వాననీరే. అది ఆకాశమునుండి దిగునపుడు కొంత, నేలలో ఇంకునపుడు మరింత బొగ్గుపులుసు వాయువును గ్రహించును. చెట్ల వేళ్లును, మట్టిలోని సూక్ష్మజీవులును విడుచు శ్వాసయే ఆ రెండవ భాగమునకు మూలము. అందుచే నీటికి సోడానీటిలోని పులుపువంటి స్వల్పమైన ఆమ్లగుణము అబ్బును. ఇసుకరాతిని అది అంతగా బాధింపదు; సున్నపురాతిని మాత్రము కరగించును. వెంట్రుకవాసి పగులు లక్షల ఏండ్లకు మనిషి నడువదగిన దారి యగును. భూగర్భజలము క్రిందికి దిగినపిమ్మట ఆ దారి గాలితో నిండును.

అంతట అదే నీరు కట్టడపుపని చేపట్టును. పైకప్పునుండి జారు బొట్టులోని వాయువు గుహలోని గాలిలో కలియగా, కరిగియున్న సున్నము పలుచని పొరగా మిగులును. పొరపై పొర చేరి పైనుండి ఊడలు దిగును, క్రిందినుండి లింగాకారములు లేచును. బొర్రా గుహలలో నట్టి శిలను శివలింగమని పూజించుట అందరెరిగినదే. పలు గుహలలో ఈ పెరుగుదల ఏటికి మిల్లీమీటరులో పదియవ వంతు; అనగా అంగుళమునకు సుమారు 250 ఏండ్లు. బెలుం గుహలలో కొన్ని శిలలను తట్టి సప్తస్వరములు వినుట యాత్రికులకు వినోదము. ఆ వినోదమునకు ఎన్ని అంగుళములు బలియగునో లెక్కించువారు అరుదు.

ఈ పొరలు వానల దస్తావేజులు కూడ. పొరలలోని ప్రాణవాయువు భేదములు నాటి వర్షముల తీరును తెలుపును. యురేనియము వాని వయస్సును తెలుపును. చిరపుంజి సమీపముననున్న మామ్లూ గుహలోని ఒక శిల 4,200 ఏండ్లనాడు ఋతుపవనములు బలహీనపడినట్లు సాక్ష్యమిచ్చెను. ఆ శిలను ప్రమాణముగా గైకొని 2018లో అంతర్జాతీయ భూవిజ్ఞాన సంస్థ నాటినుండి నేటివరకు గల కాలమునకు మేఘాలయ యుగమని పేరిడెను. కార్యాలయములలో దస్త్రము పోయినచో నకలు దొరకవచ్చును. ఈ దస్త్రమునకు నకలు లేదు.

గుహలలో నివాసులును గలరు. ఆంధ్రదేశపు సున్నపురాతి గుహల నీటిలో కన్నులులేని ఒక చిన్న జలచరమును 2011లో శాస్త్రజ్ఞులు వర్ణించి, దాని జాతికి ఆంధ్రకాయిడెస్ అని పేరిడిరి. దాని చుట్టములు ఆస్ట్రేలియాలోను, న్యూజిలాండులోను గలవు. ఆ భూములన్నియు ఒకే ఖండముగ నున్ననాటి బంధుత్వమది! అట్టి ప్రాణి ఒక నూతిలో పోసిన మురికికి నశింపవచ్చును.

చెరచుటకు దురుద్దేశము అక్కరలేదు. ఫ్రాన్సులోని లాస్కో గుహ 1948లో ప్రజలకు తెరువబడెను. సందర్శకుల ఊపిరివలనను, దీపముల వెలుగువలనను గోడలపై పాచి పట్టి, ప్రాచీన చిత్రములు చెడుచుండగా 1963లో దానిని మూసివేసిరి. చేతి జిడ్డు అంటినచోట క్రొత్త పొర సరిగా పట్టదు. ఐనను దీపములను తగ్గింపవచ్చును, జనమును పరిమితము చేయవచ్చును. కష్టమైన సమస్య గుహపైనున్న నేలది. అడవి నరికినచో ఇంకు నీటి గుణము మారును. గని త్రవ్వినచో దారియే మారును. సున్నపురాయి సిమెంటునకు ముడిసరకు కావున ఈ పోటీ సామాన్యమైనది కాదు. బెలుం గుహలు సయితము 2002లో యాత్రికులకు తెరువబడుటకు ముందు చుట్టుపట్ల చెత్తకు గోతులుగా ఉపయోగపడినవి.

కేంద్ర గనుల మంత్రిత్వశాఖ 2022లో భూవారసత్వ స్థలముల రక్షణకై ఒక బిల్లు ముసాయిదాను ప్రకటించెను. ఇట్టి స్థలములకు హద్దులు గీయునపుడు ద్వారమువద్ద కంచె నాటి ఊరకుండిన చాలదు. ఏ పొలమున పడిన వాన ఏ గుహలో బొట్టై జారుచున్నదో ముందుగా కనుగొని, ఆ పొలమును, ఆ వాగును కూడ పటములో చేర్పవలెను.